పంకా తాడు

మా ఇంటి ముందుగదిలో ఒక పంకా ఉండేది. కరెంటుది కాదు. దొరల కాలం నాటి తాడు పంకా.

గదికి అడ్డంగా వేలాడే టేకు దూలం, దాని కింద మందపాటి గుడ్డ, గుడ్డ అంచున కుచ్చులు. ఒకప్పుడు తెల్లగా ఉండేదట. నేనెరిగినప్పటినుంచీ అది పాత నెయ్యి రంగే. పైన వాసాలకి ఇత్తడి కొక్కేలు వేసి దాన్ని వేలాడదీశారు. దూలం మధ్యలోంచి ఒక కొబ్బరి తాడు బయల్దేరి, వెనక గోడలో ఉన్న కన్నంలోకి దూరి, ఆ కన్నంలో బిగించిన గిలక మీదుగా వెనక వసారాలోకి దిగేది. వసారాలో ఒక మనిషి కూర్చుని ఆ తాడు లాగుతూ వదులుతూ ఉంటే లోపల గుడ్డ ఊగుతుంది. లోపల పడుకున్నవాళ్ళకి గాలి తగులుతుంది. లాగేవాడికి తగలదు. వాడు గోడకి అవతల ఉంటాడు.

మా తాత ఏసుపాదం ఆ గోడకి అవతల ఉన్న మనిషి.

మాది మామిడికుదురు దగ్గర కాలవ గట్టు ఊరు. ఆ రోజుల్లో ఊరి చివర మిషన్ బంగళా ఉండేది. తాత మీసాలు రాకముందే అక్కడ పంకా లాగే పనిలో చేరాడు. దొరలు మారారు గాని తాత మారలేదు. దొరసానమ్మ దయవల్ల మా నాన్నగారు చదువుకుని మిషన్ బళ్ళో మాస్టారయ్యారు. సీమోను మాస్టారంటే చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. స్వాతంత్ర్యం వచ్చాక దొరలు బంగళా ఖాళీ చేసి వెళ్ళిపోతూ సామాన్లు ఊళ్ళో పంచిపెట్టారు. ఒకరు కుర్చీలు అడిగారు, ఒకరు పింగాణీ పళ్ళాలు అడిగారు. నాన్నగారు పంకా అడిగారు. అందరూ నవ్వారట.

నాకప్పుడు పదేళ్ళు. ఆ మధ్యాహ్నం బాగా గుర్తు. నాన్నగారు పంకా వేలాడదీయించి, దాని కింద మంచం వేసి, తాతని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి పడుకోబెట్టారు.

"నువ్వు పడుకో నాన్నా. ఇవాళ నేను లాగుతాను," అన్నారు.

తాత పడుకున్నాడు. పరాయివాళ్ళ మంచం మీద పడుకున్నట్టు బిర్రబిగుసుకుని, రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని, కళ్ళు తెరుచుకునే పడుకున్నాడు. గుడ్డ నాలుగుసార్లు ఊగిందో లేదో లేచి వసారాలోకి వచ్చేశాడు.

"ఒరే సీమోనూ, వదిలెయ్యరా. దానికి నీ చెయ్యి అలవాటు చెయ్యకు."

నాన్నగారు నవ్వి తాడు వదిలేశారు. ఆ తరవాత మా ఇంట్లో ఎవరూ ఆ తాడు ముట్టుకోలేదు. తాత ఆ వానాకాలంలో పోయాడు. పంకా అలాగే ఉండిపోయింది.

నేను చెప్పబోయేది డెబ్భై తొమ్మిది వేసవి సంగతి.

ఆ ఏడు ఫిబ్రవరిలో నాన్నగారు పోయారు. అంతకుముందు రెండేళ్ళు పక్షవాతంతో మంచాన ఉన్నారు. ఎడం చెయ్యి, ఎడం కాలు పడిపోయాయి. ముందుగదిలో వెలుతురు బాగుంటుందని ఆయన మంచం అక్కడే వేశాం, సరిగ్గా పంకా కింద. నేను మా ఊరి బళ్ళోనే టీచర్ని. పెళ్ళి చేసుకోలేదు. బడికి పోయి రావడం, ఆయనకి చెయ్యడం, అంతే నా రోజు. ఎండలు ముదిరాక తాటాకు విసనకర్ర పట్టుకుని పక్కన కూర్చునేదాన్ని. ఒక్కోసారి ఆయన నా చేతిలో విసనకర్రని పక్కకి తోసి, ముద్దగా తిరిగే నాలుకతో, "వద్దమ్మా, గాలి బాగానే వస్తోంది," అనేవారు. పైకి చూస్తే పంకా కదిలేది కాదు. జబ్బు మనిషి మాటలనుకున్నాను.

ఆయన పోయిన రోజు నేను ఏడవలేదు. తరవాత చర్చివాళ్ళు ఆయన జ్ఞాపకార్థం పెట్టిన ఆదరణ కూడిక రోజునా ఏడవలేదు. చుట్టాలు నా భుజం నిమిరి "ఏడవ్వే అమ్మా, గుండె తేలికవుతుంది," అన్నారు. ఏడుపు రాలేదు. లోపల ఏదో తిమ్మిరెక్కినట్టుండేది. చేతికి అన్నం తగిలేది గాని నోటికి రుచి తెలిసేది కాదు. బళ్ళో పిల్లలు అల్లరి చేసినా కోపం వచ్చేది కాదు.

మే నెలలో మా అన్నయ్య ప్రకాశరావు, వదిన ఇందిర అమలాపురం నుంచి వచ్చారు. అన్నయ్య అక్కడ తాలూకా ఆఫీసులో పని చేసేవాడు. పిల్లల్ని రాజోలులో అమ్మమ్మగారింటి దగ్గర దింపి, పది రోజులు సెలవు పెట్టి, ఇల్లు బాగుచేయిద్దామని వచ్చాడు. పెంకు తిరగేయించాలి, ముందుగదిలో కరెంటు ఫేను పెట్టించాలి. దానికి పంకా అడ్డం. ఆదివారం చర్చినుంచి వచ్చి భోజనాలయ్యాక ఆ మాట తీశాడు.

"దీన్ని ఏం చేద్దాం సువర్ణా?"

"నీ ఇష్టం అన్నయ్యా."

"నా ఇష్టం కాదే. నాన్నగారిది. మనిద్దరం అనుకునే చెయ్యాలి."

వడ్రంగి అప్పటికే వచ్చి దూలం తట్టి చూసి వెళ్ళాడు. రంగూన్ టేకు, రెండు జతల తలుపులొస్తాయి, నరికి ఇమ్మంటే నరుకుతానన్నాడు. చర్చి అయ్యగారిని అడిగితే, "చర్చిలో ఫేన్లున్నాయి కదమ్మా, ఎక్కడ పెట్టుకుంటాం," అన్నారు మెత్తగా. మూడో మార్గం తాతాజీగారు. ఆయన అమలాపురంలో పాత సామాను వ్యాపారి. చెక్కడపు తలుపులు, ఇత్తడి గంగాళాలు పల్లెల్లో కొని పట్నాలకి పంపేవారు. ఎవరి ద్వారా తెలుసుకున్నారో ఏమో, సోమవారం పొద్దున్నే గొడుగేసుకుని వచ్చేశారు. పంకా కింద నిలబడి చాలాసేపు తల ఎత్తి చూశారు.

"ఇలాంటిది మన కోనసీమలో ఇంకోటుందని నేననుకోనండి. గుడ్డతో సహా ఉంది, గిలకతో సహా ఉంది. దీన్ని నరికిస్తే పాపమండి మాస్టారూ."

అన్నయ్య మాస్టారు కాడు. నాన్నగారి వల్ల మా అందరికీ ఆ పిలుపు అంటుకుంది.

"ఎవరు కొంటారండి?" అన్నాడు అన్నయ్య.

"విశాఖపట్నంలో సముద్రం ఒడ్డున ఓ హోటల్ కడుతున్నారండి. పాతకాలం బంగళాలా ఓ హాలు చేస్తున్నారు. వాళ్ళ మేనేజరు సుందరరావుగారు ఇలాంటి దానికోసమే తిరుగుతున్నారు. ఇది చూస్తే వదలరండి. కాకపోతే ఆడుతున్న పంకా కావాలంటారు. తాడు లాగి చూపించాలి. లాగడానికి తలపాగా చుట్టుకున్న మనిషిని కూడా పెట్టుకుంటారట. అలవాటున్న కుటుంబం ఏదన్నా ఉంటే చూసి పెట్టమని..."

అక్కడ ఆయన ఆగిపోయారు. మా తాత సంగతి ఆయనకి తెలుసు. మొహం తిప్పుకుని గొడుగు సర్దుకున్నారు.

"అలవాటున్న కుటుంబం అయిపోయిందండి," అన్నాడు అన్నయ్య నెమ్మదిగా.

అయినా మేనేజర్ని తీసుకురమ్మన్నాడు. తాతాజీగారు వెళ్ళాక మా ముగ్గురి మధ్యా ఆ ప్రశ్న మిగిలింది. లాగి చూపించేది ఎవరు?

"నేను ముట్టను," అన్నాడు అన్నయ్య. "నాన్నగారు మనల్ని చదివించింది ఆ తాడు ముట్టుకోకుండా ఉండడానికే."

"కూలి మనిషినెవర్నైనా పిలుద్దామండీ," అంది వదిన.

"అస్సలొద్దు. మన ఇంట్లో ఇంకో మనిషిని ఆ వసారాలో కూర్చోబెడతామా? దానికన్నా నరికించేద్దాం."

"నేను లాగుతాలే," అన్నాను. నాకు ఏ పట్టింపూ లేకపోయింది. పళ్ళేలు కడుగుతాలే అన్నట్టే అన్నాను.

గురువారం మధ్యాహ్నం వాళ్ళు వచ్చారు. రోహిణి కార్తె. కాలవలో నీళ్ళు కట్టేసి పది రోజులైంది. గట్టు మీద బురద ఎండి నెర్రెలుబారి, దాంట్లోంచి కుళ్ళిన నాచు వాసన వస్తోంది. కాకి కూడా అరవడం లేదు. భోజనాల వేళకి కరెంటు పోయింది. వేడిగాలి రాకుండా తలుపులూ కిటికీలూ మూసేశాం. ముందుగది పట్టపగలే చీకటైపోయింది. పెంకుల సందుల్లోంచి అక్కడక్కడా సన్నటి వెలుగు గీతలు, ఆ గీతల్లో తేలే దుమ్ము, చేపల పులుసు వాసన, చెమట.

సుందరరావుగారు నలభై దాటిన మనిషి, భారీ శరీరం. భోజనం చేసి చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ పంకాని చూసి చిన్నపిల్లాడిలా మురిసిపోయారు.

"కింద పడుకుని చూస్తే గాని గాలి తెలీదు కదండీ," అంటూ నాన్నగారి మంచం మీద వాలిపోయారు. ఆ మంచం మేమింకా అక్కడినుంచి తియ్యలేదు. అన్నయ్య పడక్కుర్చీలో కూర్చున్నాడు. తాతాజీగారు బల్ల మీద కూర్చున్నారు.

"వెళ్ళవే," అన్నాడు అన్నయ్య, నా వైపు చూడకుండా.

వెనక వసారాకి వంటింట్లోంచే వెళ్ళాలి. వంటింట్లో వదిన మజ్జిగ చిలుకుతోంది. "ముందు వాళ్ళకి ఇవి ఇచ్చేసి వెళ్ళు సువర్ణా. గ్లాసులు కడుగు," అంది. నేను గ్లాసులు కడుగుతున్నాను. వదిన ఉప్పు వేసి కలుపుతోంది.

అప్పుడు వినిపించింది.

కిర్ర్... కిర్ర్...

గిలక చప్పుడు. తొందర లేకుండా ఒకే తీరుగా. దాని వెంటే లోపలి గదిలో గుడ్డ గాలిని కోసే చప్పుడు. హుఫ్... హుఫ్...

"ఎవరు లాగుతున్నారు?" అంది వదిన.

"తాతాజీగారేమో."

మజ్జిగ గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని ముందుగది గుమ్మంలోకి వెళ్ళాం. పంకా ఊగుతోంది. ఇటునుంచి అటు, అటునుంచి ఇటు, దాని నిండు పొడుగూ ఊగుతోంది. ముప్ఫై ఏళ్ళ దుమ్ము రాలుతూ వెలుగు గీతల్లో మెరుస్తోంది. గాలి చల్లగా ఉంది. ఆ రోజున, ఆ ఎండలో, ఆ గాలి అంత చల్లగా ఎలా ఉందో నాకిప్పటికీ తెలీదు. ఆ గాలిలో వాసన మాత్రం మా ఇంటిది కాదు. తడిసిన కొబ్బరి పీచు, పాత చెమట, ఎక్కడో దీపం ఆరిపోయినప్పుడు వచ్చే చమురు వాసన.

ముగ్గురూ నిద్రపోతున్నారు. సుందరరావుగారు వెల్లకిలా, నోరు తెరిచి. తాతాజీగారు బల్ల మీద గోడకి ఒరిగి. అన్నయ్య పడక్కుర్చీలో, తల వెనక్కి వాలి. అన్నయ్యకి పగటి నిద్ర అలవాటే లేదు.

వదిన పళ్ళెం నేల మీద దబ్బున దించింది. గ్లాసులు ఒకదానికొకటి తగిలి చప్పుడైంది. ఒక్కరూ కదల్లేదు.

"వెనక్కి వెళ్ళి చూద్దాం పదండి వదినా," అన్నాను గుసగుసగా.

వసారాలోకి వెళ్ళాం. ఎవరూ లేరు. పెరట్లో ఎవరూ లేరు. నూతి దగ్గర ఎవరూ లేరు. గోడలోని కన్నంలోంచి తాడు వదులుగా కిందకి వేలాడుతోంది. ఏ మాత్రం కదలడం లేదు. దాని మీద ఎర్రచీమలు బారులు తీరి, తాపీగా, పైకి కొన్ని, కిందకి కొన్ని నడుస్తున్నాయి.

కిర్ర్... కిర్ర్...

వదిన నా మోచెయ్యి పట్టుకుంది.

"ఇటు తాడు కదలడం లేదు సువర్ణా..."

"ఆయ్."

"అటు కదులుతోంది..."

"ఆయ్."

"మరి మధ్యలో?"

మధ్యలో ఉన్నది గోడ. మూరెడు మందం ఇటుక గోడ. నాన్నగారు దగ్గరుండి కట్టించిన గోడ.

భయపడాల్సిన చోట నాకు భయం వెయ్యలేదు. ఇప్పుడు తల్చుకుంటే అదే నన్ను భయపెడుతుంది. నేను మామూలుగా నడిచి వెళ్ళి కన్నంలో వేలు పెట్టాను. కొంచెం లోపల, గిలకకి ఇవతలే, తాడు తడిగా తగిలింది. వెచ్చగా ఉంది. ఎవరో ఇప్పుడే చేతులు మార్చుకున్నట్టు... అరచేతి వేడి అది. నా వేలికి ఆనుకునే తాడు ముందుకీ వెనక్కీ జారుతోంది. వసారాలో చీమలు నడుస్తూనే ఉన్నాయి.

వేలు తీసేసి చెవి ఆనించాను.

ఊపిరి. బరువుగా, దాహంగా ఉన్న ఊపిరి. లాగినప్పుడు ఒకటి... వదిలినప్పుడు ఒకటి...

తరవాత మాట.

"పడుకున్నారా?"

వదిన వినలేదు. నేను విన్నాను. గోడ లోపలినుంచి, నా చెవికి బెత్తెడు దూరంలోంచి.

"ఆయ్... పడుకున్నారండి," అన్నాను.

"లేవలేదు కదా?"

"లేవలేదండి."

కిర్ర్... కిర్ర్...

"ఆపమని ఎవరూ చెప్పలేదమ్మా..."

ఆ గొంతులో కోపం లేదు. ఏడుపూ లేదు. నా లోపల ఉన్న తిమ్మిరి లాంటిదే ఆ గొంతులోనూ ఉంది. అలసట కూడా మర్చిపోయిన అలసట.

"ఇంక చాలండి. ఆపండి," అన్నాను.

గిలక ఆగింది. ముందుగదిలో గుడ్డ రెండుసార్లు నెమ్మదిగా ఊగి ఆగిపోవడం వినిపించింది. ఆ తరవాత ఇల్లంతా నిశ్శబ్దం. కన్నంలోంచి చల్లటి గాలి ఒకటి నా చెంపని తాకింది. నిట్టూర్పులా.

మేం పరుగున ముందుగదిలోకి వెళ్ళాం. వదిన అన్నయ్య భుజం పట్టుకుని కుదిపింది. లేవలేదు. "ఏవండీ... ఏవండీ..." అంటూ చెంపల మీద తట్టింది. మొహం పాలిపోయి, పెదాలు నల్లబడి ఉన్నాయి. నేను గ్లాసులో మజ్జిగ తీసుకుని మొహాన కొట్టాను. అప్పుడు కళ్ళు తెరిచాడు. నా వైపు చూశాడు.

"ఎందుకు ఆపేవు?"

అది మా అన్నయ్య మాట్లాడే తీరు కాదు. నలభై ఏళ్ళలో నన్ను ఆ గొంతుతో అతను ఎప్పుడూ పలకరించలేదు. నౌకర్ని అడిగినట్టు అడిగాడు. తరవాత రెప్పలు ఆర్పి, మొహం మీద మజ్జిగ తడుముకుని, "ఏమైందే?" అన్నాడు మామూలుగా.

సుందరరావుగారు కూడా ఆవులిస్తూ లేచి కూర్చున్నారు.

"ఎన్నేళ్ళైందో ఇలా నిద్రపోయి! ఎవరండీ లాగింది? చెయ్యి మహా బాగుంది. ఆ మనిషిని కూడా మాకిచ్చెయ్యండి."

"మనిషిని ఇవ్వలేమండి," అన్నాను.

ఆయన పకపకా నవ్వారు. తాతాజీగారు నవ్వలేదు. పైకండువా మెడ చుట్టూ కప్పుకుని, చలేసినట్టు కూర్చున్నారు. బేరం సంగతి రెండు రోజుల్లో చెప్తామని వాళ్ళని పంపించేశాం.

సాయంత్రం అరుగు మీద కూర్చుని వదిన, నేను అన్నయ్యకి అంతా చెప్పాం. అన్నయ్య నమ్మనని అనలేదు.

"నరికించేద్దాం," అన్నాడు కాలవవైపు చూస్తూ. "రేపే వడ్రంగిని పిలుస్తాను."

వదిన తల అడ్డంగా ఊపింది. "నరికిస్తే పంకా పోతుంది. ఆ లాగే మనిషి ఎక్కడికి పోతాడండీ? ఇక్కడే ఉండిపోతాడు. చెయ్యడానికి పనీ ఉండదు, ఆపమనేవాళ్ళూ ఉండరు."

"అయ్యగారి చేత ప్రార్థన చేయిద్దాం," అన్నాడు అన్నయ్య.

మర్నాడు అయ్యగారు వచ్చి పంకా కింద మోకరించి ప్రార్థన చేశారు. ఏమీ కదల్లేదు. కాఫీ తాగి, "మనసు దిటవు చేసుకోండమ్మా, పెద్దాయన పోయిన దిగులు ఇది," అని చెప్పి వెళ్ళారు.

ఆ రోజు తేల్చింది నేనే.

"హోటల్‌కి ఇచ్చేద్దాం అన్నయ్యా. ఉన్నది ఉన్నట్టుగా. తాడుతో, గిలకతో సహా."

"ఉన్నదేమిటో తెలిసి కూడానా? ఎవరో ఏ పాపం తెలియనివాళ్ళు దానికింద పడుకుంటారే."

"వాళ్ళకి గాలి కావాలి. గాలొస్తుంది."

అన్నయ్య నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

"అది తాతయ్యేనా సువర్ణా? తాతయ్యని అమ్ముకుంటున్నామా మనం?"

"తెలీదు. గుసగుసలో మాట్లాడితే ఎవరి గొంతైనా ఒకలాగే ఉంటుంది."

"నీకేమీ అనిపించడం లేదా?"

లేదు. అదే చెప్పాను. అన్నయ్య లేచి లోపలికి వెళ్ళిపోయాడు. శనివారం తాతాజీగారికి సరేనని కబురు పెట్టాడు.

లారీ వచ్చిన రోజు అన్నయ్య ఇంట్లో లేడు. పనుందని పొద్దున్నే అమలాపురం బస్సెక్కాడు. తాతాజీగారి మనుషులు నిచ్చెనలేసుకుని కొక్కేలు ఊడదీసి దూలం దింపారు. గుడ్డ జాగ్రత్తగా చుట్టి గోనెపట్టాలో పెట్టారు. చివరికి తాడు. ముందుగదిలోంచి లాగుతుంటే కొంత వచ్చి ఆగిపోయింది. ఇద్దరు మనుషులు కాళ్ళు గోడకి తన్నిపెట్టి లాగారు. రాలేదు.

"అవతల ఎక్కడో ముడిపడిందండి," అన్నాడు ఒకడు.

నేను వసారాలోకి వెళ్ళాను. ముడి లేదు. తాడు చివర గాల్లో వేలాడుతోంది. కన్నం దగ్గర మాత్రం బిగుసుకుని ఉంది. వదిన గుమ్మంలోనే ఆగిపోయింది, లోపలికి రాలేదు.

నేను కన్నానికి నోరు దగ్గరగా పెట్టాను.

"వాళ్ళతో వెళ్ళండి," అన్నాను. "అక్కడ మీకు పనుంది. వెళ్ళిపోండి."

కాసేపు ఏమీ లేదు. తరవాత తాడు సడలింది. నా కళ్ళ ముందే చివర కన్నంలోకి జారి, నెమ్మదిగా, మర్యాదగా లోపలికి వెళ్ళిపోయింది. అవతల మనుషులు "వచ్చేసిందండోయ్" అని అరిచారు.

మేస్త్రీ వచ్చి కన్నం పూడ్చాడు. గోడకి సున్నం వేశారు. ముందుగదిలో కరెంటు ఫేను తిరిగింది. నాన్నగారి మంచం చర్చి వాచ్‌మన్‌కి ఇచ్చేశాం. సెలవు అయిపోయి అన్నయ్యావాళ్ళు వెళ్ళిపోయారు. కాలవకి నీళ్ళు వదిలారు, ఊడ్పులయ్యాయి, వానలు పడ్డాయి. ఇంట్లో నేనొక్కదాన్నే. ఏ చప్పుడూ లేదు. తలగడ మీద తల పెడితే నిద్ర పట్టేది. ఒక్కోసారి అన్నం తింటూ ఉప్పు రుచి తెలిసేది. బాగవుతున్నాననుకున్నాను.

నవంబరులో ఒక పొద్దున తాతాజీగారు వచ్చారు. మామిడికుదురులో ఎవరింట్లోనో తలుపుల బేరానికి వచ్చి, అలా చూసి పోదామని వచ్చారట. అరుగు మీద కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను.

"మీ పంకా ఆ హోటల్‌కి కలిసొచ్చిందండి," అన్నారు. "దాని కింద కాసేపు పడుకోడానికి ఎక్కడెక్కడినుంచో వస్తున్నారట. మీరు పంపిన మనిషి గురించి సుందరరావుగారు ఒకటే పొగడ్త."

కాఫీ పళ్ళెం అరుగు మీద పెట్టేశాను.

"ఏ మనిషండి?"

"అదేనండి, లాగే ఆయన. ముసలాయన. జీతం అడగడట, భోజనం అడగడట. ఎప్పుడొస్తాడో ఎప్పుడు పోతాడో తెలీదు గాని వేళకి గోడ వెనక ఉంటాడట. మీ మాటమీద వచ్చేనని చెప్పేడట. ఇవ్వలేం ఇవ్వలేం అంటూనే పంపించేరు, మీ మర్యాదే మర్యాదండి."

కొబ్బరి చెట్ల మీంచి నీళ్ళు టపటపా రాలుతున్నాయి. ఆయన కాఫీ ఊదుకుంటూ తాగారు.

"రెండో ఆయన వచ్చేక ఇంకా వీలుగా ఉందట."

"రెండో ఆయన..."

"ఆయ్. వానల్లోనే వచ్చేడటండి. ఈయన పెద్దమనిషిలా ఉంటాడట. తెల్లటి బట్టలు, కళ్ళజోడు. చూస్తే మాస్టారిలా ఉన్నాడు, ఇలాంటి పనికెందుకొచ్చేడో అనుకున్నారట. పాపం ఎడం చెయ్యి ఆడదట. ఒళ్ళో పెట్టుకుని కుడిచేత్తోనే లాగుతాడట. మాట కూడా కొంచెం ముద్దగా ఉంటుందట. పడుకున్నారా, పడుకున్నారా అని అడుగుతూనే ఉంటాడట."

నేను ఒక్కరికే చెప్పాననుకున్నాను. వెళ్ళండి అన్నాను. గౌరవానికి అన్నాను...

తొమ్మిది నెలలుగా రాని ఏడుపు అప్పుడు గొంతులోకి వచ్చింది. వచ్చి అక్కడే ఆగిపోయింది. ముడిపడినట్టు.

తాతాజీగారు గ్లాసు కింద పెట్టి, కండువాతో మూతి తుడుచుకున్నారు. ఏదో గుర్తొచ్చినట్టు ఆగారు.

"అన్నట్టు సువర్ణమ్మగారూ, సుందరరావుగారు మిమ్మల్ని ఒక సంగతి కనుక్కోమన్నారండి. ఆ ఇద్దరికీ కూర్చోడానికి చెరో పీటా వేయించేరట. మొన్న పొద్దున్న చూస్తే పక్కనే ఇంకో పీట వేసి ఉందట. ఎవరు వేసేరో తెలీదు. తీసేస్తే మళ్ళీ వేసి ఉంటోందట. నీళ్ళు జల్లి, తుడిచి, శుభ్రంగా పెట్టి ఉంటోందట. ఇంకా దాని మీద ఎవరూ కూర్చోలేదు."

ఆయన గొడుగు తెరుచుకుని మెట్టు దిగి, వెనక్కి తిరిగి నా మొహంలోకి చూశారు.

"మీరింకా ఎవరినైనా పంపుతున్నారా అండి?"